విరిగిన ఎముకకి పాయా సూపా, ఉలవచారా?

ఆదిలాబాద్ కోడలు:
మా మామగారికి 68 ఏళ్ళు. బాత్‌రూంలో జారిపడి మణికట్టు విరిగింది, కట్టు వేశారు. అసలే ఇక్కడి చలికి అన్నం సరిగ్గా తినరు. అత్తగారేమో రోజూ మేక కాళ్ల సూప్ పెట్టమంటారు. మా అమ్మది గుంటూరు, ఫోన్ చేసినప్పుడల్లా ఉలవచారు అంటుంది. డాక్టర్‌ని అడిగితే "ఏదైనా పెట్టొచ్చమ్మా" అని తేల్చేశారు. ఎముక అతుక్కోడానికి ఏది పనికొస్తుంది?

పాతబస్తీ పొయ్యి:
ఇందులో అడగడానికేముంది అక్కా, పాయానే. కాళ్లు షాపులోనే కాల్పించండి. ఇంటికొచ్చాక కత్తితో గీకి ఉప్పు, పసుపు పట్టించి కడగండి. మసి మిగిలిందా, సూపంతా మాడు వాసనే. నాలుగు కాళ్ళకి లీటరున్నర నీళ్ళు, ఉల్లిపాయ, దంచిన అల్లం, వెల్లుల్లి, మిరియాలు. ఒక విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి గంట వదిలేయండి. వేళ్ళకి జిగురు అంటుకుంటే అయినట్టు. ఎముకలోని కాల్షియం అంతా అందులోకి దిగుతుంది.

ల్యాబ్‌కోటు:
దిగదు బ్రదర్. ఆ జిగురు కాల్షియం కాదు, జెలటిన్. తోలులో, కీళ్ళ దగ్గర ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ వేడికి కరిగి అలా అవుతుంది. అందుకే ఫ్రిజ్‌లో పెడితే జున్నులా గడ్డకడుతుంది. ఎముకలోని కాల్షియం ఉత్త నీళ్ళలో ఎంత మరిగించినా కొంచెమే బయటికొస్తుంది. పెద్దవాళ్ళకి రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఒక గ్లాసు పాలల్లోనే 200 పైన ఉంటుంది, సూప్‌లో దాని దరిదాపుల్లో కూడా ఉండదు. జెలటిన్ ప్రొటీనే గానీ, అందులో ట్రిప్టోఫాన్ ఉండదు, అది ఒంటికి తిండి నుంచే అందాల్సిన అమైనో ఆమ్లం. దాని మీదే ఆధారపడితే కుదరదు.
ఇంకోటి, మామగారికి యూరిక్ యాసిడ్ ఉందేమో చూసుకోండి. మాంసంలోని ప్యూరిన్లు సూప్‌లోకి దిగుతాయి, ఒంట్లో అవే యూరిక్ యాసిడ్‌గా మారతాయి. అది ఎక్కువైతే కీళ్ళు వాస్తాయి.

కృష్ణాతీరం:
అందుకే మేం ఉలవచారు అనేది! 100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకి పైగా ప్రొటీన్, 250 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం. రాత్రి నానబోసి, పొద్దున మెత్తగా ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళు (కట్టు) వార్చి, చింతపండు పులుసు పోసి చిక్కబడేదాకా మరగనివ్వండి. పైన ఇంత మీగడ. చలి ఉంటే ఒట్టు.

ఎద్దులబండి:
అన్నా, నువ్వు చెప్పిన లెక్క గింజలది, కట్టుది కాదు. మా ఊళ్ళో ఉలవలు ఉడకేసేదే ఎద్దుల కోసం. కట్టు మనకి, గింజలు వాటికి. బలం ఎవరికి పోయినట్టు? మేడమ్, వార్చాక గింజలు పారేయకండి. గుప్పెడు రుబ్బి చారులోనే కలపండి, మిగతావి గుగ్గిళ్ళు చేసి తాలింపు పెట్టండి.

పాతబస్తీ పొయ్యి:
మా తాత కాలు విరిగితే పాయా తాగే లేచాడు. మీ లెక్కలు ఆయనకి తెలీవు.

ల్యాబ్‌కోటు:
తాతగారు కట్టుతో, విశ్రాంతితో లేచారు. పాయా వల్ల నాలుగు ముద్దలు ఎక్కువ తిని ఉంటారు, అదీ తక్కువేం కాదు. చలికాలంలో పెద్దవాళ్ళు నీళ్ళు తాగరు, తిండి సయించదంటారు. వేడిగా, కారంగా గిన్నెడు ఇస్తే లోపలికి పోతుంది. కాబట్టి సూప్ మానెయ్యమని నేను అనను. దాన్ని మందు అనుకోకండి, అంతే. పక్కన గుడ్డు, పాలు, మునగాకు పప్పు ఉండాలి. బీపీ ఉంటే ఉప్పు తగ్గించండి.

ఆదిలాబాద్ కోడలు:
యూరిక్ యాసిడ్ ఉందండీ. పోయినేడు బొటనవేలు వాచి నెల రోజులు మూలిగారు. పాయా సంగతి మళ్ళీ డాక్టర్‌ని అడిగాకే. ప్రస్తుతానికి ఉలవలు నానబోశాను, గింజలు రుబ్బే కలుపుతా. అత్తగారికి ఎలా చెప్పాలో మాత్రం తెలీడం లేదు, "మీ అమ్మ మాటే నెగ్గిందా" అంటారు.

పాతబస్తీ పొయ్యి:
రెండు కాళ్లు తెచ్చి అత్తగారికే చేసిపెట్టు అక్కా. ఆమెకి లేదుగా యూరిక్ యాసిడ్.