నత్తి పాత్ర తీసేయమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

పటమట పాతకాపు:
మా అపార్ట్‌మెంట్‌లో ఏటా వినాయక చవితి మూడో రోజు రాత్రి స్కిట్లు వేస్తాం. పదకొండేళ్లుగా రాసేది నేనే. ఈసారి పెళ్లిచూపుల స్కిట్ రాశా. పెళ్లికొడుక్కి నత్తి. పెళ్లికూతురి మేనత్త వేషం మా మూడో అంతస్తు కుర్రాడు చీర కట్టి వేశాడు. జనం పడీపడీ నవ్వారు. సగంలో ఒక కుటుంబం లేచి వెళ్లిపోయింది. వాళ్లబ్బాయి ఎనిమిదో తరగతి. వాడికి నత్తి ఉందన్న సంగతి నాకు నిజంగా తెలియదు. మర్నాడు గ్రూపులో గొడవ. ఇకమీదట స్క్రిప్టు ముందే కమిటీకి చూపించాలట. సంక్రాంతికి ఇదే స్కిట్ మళ్లీ వేయాలంటే నత్తి పాత్ర తీసేయాలట.

నేను జంధ్యాల సినిమాలు చూసి పెరిగినవాణ్ణి. ఆయన చదువు బెజవాడలోనే. సుత్తి వీరభద్రరావు గారు మన రేడియో స్టేషన్‌లో పనిచేసిన మనిషి. 1982లో నాలుగు స్తంభాలాట వచ్చాక 'సుత్తి' అనే మాట ఇంటింటికీ పాకింది. అప్పుడు ఎవరికీ మనోభావాలు దెబ్బతినలేదే! ఇప్పుడు నోరు తెరిస్తే తంటా. నవ్వించేవాడు ఇక ఏం రాయాలి?

బ్రాడీపేట 4/11:
సుత్తి ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది మాస్టారూ. అక్కడ మనం నవ్వేది ఎదుటివాణ్ణి కూర్చోబెట్టి గంటలకొద్దీ వాయించేవాడి మీద. వాడు తలుచుకుంటే ఆపొచ్చు. ఆపడు, అందుకే నవ్వు. నత్తివాడు ఆపాలన్నా ఆపలేడు. రెండూ ఒకటెలా అవుతాయి? పైగా అప్పుడెవరూ నొచ్చుకోలేదని మీకెలా తెలుసు? హాల్లో నేల టికెట్టు మీద కూర్చుని నొచ్చుకున్నవాడు ఎవరికి చెప్పుకుంటాడు?

గవర్నరుపేట:
నేను పాతకాపు గారి వైపు. ఎనభై మంది నవ్వారు, నలుగురు లేచి వెళ్లారు. వెళ్లడం వాళ్ల హక్కు, నవ్వడం వీళ్ల హక్కు. అక్కడితో అయిపోవాలి. కమిటీ చేతికి ఎర్ర పెన్ను ఇచ్చారంటే ఈ ఏడు నత్తి, పై ఏడు బట్టతల, ఆ తర్వాత అల్లుడు, చివరికి సెక్రటరీ గారి మీద జోకు. ఆ ఆఖరిదే వాళ్ల అసలు భయం, రాసిపెట్టుకోండి.

కృష్ణలంక బాబాయ్:
పాతకాలంలో హాస్యం ఆరోగ్యంగా ఉండేదని ఎవరు చెప్పినా నాకు నవ్వొస్తుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో తెల్లవార్లూ తోలుబొమ్మలాట చూశాను. రామాయణం మధ్యలో నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దిగేవాళ్లు. ఆ మాటలు ఇక్కడ రాస్తే నా పోస్టు తీసేస్తారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేవాళ్లు. బూతు టీవీతో వచ్చిందనేవాళ్లు బొమ్మలాట చూడలేదన్నమాట.

అదే వయసులో బుర్రకథలూ విన్నాను. గుంటూరు దగ్గర పొన్నెకల్లు నాజర్ గారిది ఆ విద్యలో పెద్ద చెయ్యి. కథకుడికి ఒక పక్కన రాజకీయం, ఇంకో పక్కన హాస్యం. ఆ హాస్యగాడు జమీందారునీ కరణాన్నీ ఏకిపారేస్తుంటే ఊళ్లో పెద్దమనుషులు మొహం మాడ్చుకుని కూర్చునేవాళ్లు. నొచ్చుకోవడం అప్పుడూ ఉంది నాయనా. కాకపోతే అది వేరేవాళ్ల వంతు.

లబ్బీపేట లక్ష్మి:
అందరూ నత్తి దగ్గరే ఆగిపోయారు, చీర సంగతి ఎవరూ ఎత్తలేదు. మగవాడు ఆడవేషం కట్టడం మనకు తప్పు కాదు. బాపట్ల మనిషి స్థానం నరసింహారావు గారికి స్త్రీ పాత్రలకే అంత పేరు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసి ఆడవాళ్లే నడక నేర్చుకోవాలనేవారు మా నాన్న. భామాకలాపంలోనూ నవ్వుంది. కానీ ఆ నవ్వు భామ గర్వం చూసి, చెలికత్తె మాధవితో ఆవిడ వాదన విని. 2013లో జబర్దస్త్ మొదలయ్యాక మన అపార్ట్‌మెంట్ స్కిట్లన్నీ దాన్ని చూసి రాసుకున్నవే. వీటిలో చాలావాటికి చీర కట్టడమే జోకు. ఆ తర్వాత ఆ మనిషి వచ్చి తన్నులు తినాలి, లేదా మొగుణ్ణి తన్నాలి. పాతకాపు గారూ, ఏమీ అనుకోకండి, మీ మేనత్తకు స్కిట్‌లో ఇంకేమైనా పని ఉందా?

పటమట పాతకాపు:
నిజం చెప్పనా లక్ష్మి గారూ, లేదు. జారిపడుతుంది, అంతే.

బెంజ్ సర్కిల్ సిక్కోలు:
నేను శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ ఇరవై ఏళ్లు. స్కిట్ ఏదైనా పనివాడు మా యాసే మాట్లాడతాడు. ఎందుకని? కృష్ణా, గుంటూరు మాట తెలుగట, మిగతాదంతా యాసట. మొదట్లో ఆఫీసులో నేను నోరు తెరిస్తే చాలు, ఇంకోసారి అను, ఇంకోసారి అను అని అనిపించుకునేవాళ్లు. ఆర్నెల్లలో నా మాట మార్చేసుకున్నా. ఇప్పుడు ఊరెళ్తే మా అమ్మే నవ్వుతుంది, బెజవాడోడివైపోనావని.

గవర్నరుపేట:
అన్నా, మా కారం మీద, మా ఎండల మీద రాష్ట్రమంతా జోకులేస్తారు. మేం ఏడుస్తున్నామా?

బెంజ్ సర్కిల్ సిక్కోలు:
కారం మీద జోకేస్తే ఇంటర్వ్యూలో నీ నోరు ఎండిపోదు తమ్ముడూ.

నల్లకోటు, గుంటూరు:
చట్టం మాట వచ్చేలోపే రెండు ముక్కలు చెప్తాను. ఎవరో నొచ్చుకున్నంత మాత్రాన నేరం కాదు. సోషల్ మీడియా పోస్టులకు జైలు అన్న ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. మతభావాల సెక్షన్‌కు కూడా కావాలని, దురుద్దేశంతో చేశాడని తేలాలి. అయితే 2024 జులైలో అదే కోర్టు ఒక హిందీ సినిమా కేసులో పనికొచ్చే తేడా చెప్పింది. వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాళ్లను చిన్నబుచ్చే హాస్యం వేరు అని. కాబట్టి నత్తి అనే మాటే రాయకూడదని కమిటీ అంటే అది కోర్టును మించిన కోర్టు.

ఇంకొకటి. 2012లో దేనికైనా రెడీ సినిమా మీద బ్రాహ్మణ సంఘాలు రోడ్డెక్కితే రాష్ట్రమంతా మాట్లాడుకుంది. సంఘం ఉన్నవాడి నొప్పి పేపర్లో పడుతుంది. నత్తివాళ్లకు సంఘమేదీ? ఎనిమిదో తరగతి పిల్లాడు ఎక్కడికెళ్లి ధర్నా చేస్తాడు? లేచి ఇంటికెళ్లాడు, అంతే.

ఉయ్యూరు టికెట్టు:
చదివి ఊరుకుందామనుకున్నా. నాకు నత్తి, వయసు నలభై నాలుగు. కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు 'ప్రెజెంట్ సార్' అనలేక ఆబ్సెంట్ పడిన రోజులు చాలా ఉన్నాయి. సినిమాలో నత్తి పాత్ర వచ్చిన మర్నాడు క్లాసుకు వెళ్లాలంటే కాళ్లు రావు. వెనక బెంచీలో డైలాగ్ సిద్ధంగా ఉండేది. ఆ అబ్బాయి మర్నాడు బడికెళ్లి ఉంటాడా అని ఇంతమందిలో ఒక్కరూ అడగలేదు.

అలాగని పాత్ర తీసేయొద్దు. మమ్మల్ని మాయం చేస్తే నాకేం ఒరిగింది? నా పేరు చూశారుగా, దానికో కథ ఉంది. మా ఇల్లు కంకిపాడు. బందరు బస్సెక్కి కండక్టరు ఎక్కడికి అనగానే 'క' దగ్గర నా నోరు బిగుసుకుపోయేది. వెనక జనం, ఆయనకు తొందర. 'ఉ' మాత్రం హాయిగా వచ్చేది. అందుకని ఎక్కువ డబ్బులిచ్చి ఉయ్యూరుకు టికెట్టు కొని కంకిపాడులో దిగేవాణ్ణి. ఆయనేమో పాపం మంచివాడు. "ఏమయ్యోయ్, ఇది ఉయ్యూరు కాదు, ఎక్కు ఎక్కు" అని బస్సాపి మరీ అరిచేవాడు. 'కంకిపాడే' అని చెబుదామంటే మళ్లీ 'క'. ఒకరోజు చెప్పలేక బస్సెక్కేసి ఉయ్యూరు దాకా పోయాను.

బ్రాడీపేట 4/11:
ఆఫీసులో చదివి గట్టిగా నవ్వేశాను. నవ్వొచ్చా అని ఆ తర్వాత అనుమానం వచ్చింది.

ఉయ్యూరు టికెట్టు:
నవ్వండి సార్. నవ్వడానికే రాశాను.

పటమట పాతకాపు:
ఉయ్యూరు గారూ, సాయంత్రం ఆ పిల్లాడి ఇంటికి వెళ్లొచ్చాను. వాళ్ల నాన్న కాఫీ ఇచ్చారు గానీ ఎక్కువ మాట్లాడలేదు. పిల్లాడు గదిలోంచి రాలేదు. నేనూ పిలవమనలేదు.

పెళ్లిచూపుల స్కిట్ పక్కన పెట్టేస్తున్నా. కమిటీ చెప్పిందని మాత్రం కాదు, అది వేరే గొడవ, దాని మీద ఇంకా పోట్లాడతాను. మీ బస్సు కథ సంక్రాంతికి వాడుకోవచ్చా?

ఉయ్యూరు టికెట్టు:
వాడుకోండి. కండక్టరు వేషం మీరు వేయాలి. నా వేషానికి మనిషి కావాలంటే నేనే వస్తా, రిహార్సల్ అక్కర్లేదు.

పటమట పాతకాపు:
సరే. ఒక్క చిక్కుంది. మా బి బ్లాకులో రిటైరైన కండక్టరు గారున్నారు. ముందు ఆయనకు చదివి వినిపించి వస్తా.