హైబ్రిడ్ కారు: అదనంగా పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

వానచినుకు:
కొత్త కారు కొనాలి. నచ్చిన మోడల్‌లో మామూలు పెట్రోల్‌ది ఉంది, హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉన్నది) ఉంది, రెండోదానికి బాగా ఎక్కువ అడుగుతున్నారు. ఏడాదికి దాదాపు 15,000 కిలోమీటర్లు తిరుగుతాం, ఎక్కువగా ఊళ్లోనే, సిగ్నళ్ల మధ్య. కారు కొంటే పదేళ్లయినా ఉంచుకుంటాం. వాడుతున్నవాళ్లు చెప్పండి, ఆ ఎక్కువ పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

లెక్కలపుస్తకం:
డబ్బులో కాకుండా లీటర్లలో లెక్క వేయండి, పెట్రోల్ ధర మారినా లెక్క చెడదు. ఊళ్లో మామూలు కారు లీటరుకి 15 ఇస్తుంది, హైబ్రిడ్ 22 ఇస్తుంది అనుకుందాం. 15,000 కిలోమీటర్లకి మొదటిది 1,000 లీటర్లు తాగుతుంది, రెండోది సుమారు 680. ఏడాదికి 320 లీటర్లు మిగులు. అదే హైవే మీదైతే 18, 21 అనుకోండి, మిగిలేది 120 లీటర్లు కూడా కాదు, ఎందుకంటే అక్కడ బ్రేకు తొక్కేదే తక్కువ, మోటారు తిరిగి బ్యాటరీలోకి పట్టుకునే శక్తీ తక్కువ. షోరూమ్‌వాళ్లు ఎక్కువ అడుగుతున్న డబ్బుకి ఎన్ని లీటర్లు వస్తాయో చూసి, మీ ఏడాది మిగులుతో భాగించండి. లోను వడ్డీ, ఎక్కువయ్యే ఇన్సూరెన్సు కలపడం మరవకండి. ఇదంతా అయ్యాక తొమ్మిదో ఏటో పదో ఏటో బ్యాటరీ మార్చాలన్నారనుకోండి, అప్పటిదాకా మిగిల్చినదాంట్లో చాలా భాగం ఆ ఒక్క బిల్లుకే పోతుంది.

నిశ్శబ్దచక్రం:
ఈ బ్యాటరీ భయం ఎప్పటికి పోతుందో! ఫోన్ బ్యాటరీని మనం నిండా ఎక్కించి, అడుగంటేదాకా వాడతాం. హైబ్రిడ్‌లో కంప్యూటర్ దాన్ని ఇంచుమించు 40 నుంచి 80 శాతం మధ్యే తిప్పుతుంది, పూర్తిగా నిండనివ్వదు, ఖాళీ కానివ్వదు. అందుకే ఏళ్లు వస్తుంది. టయోటా ప్రియస్ 1997లో వచ్చింది, టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగినవి ఉన్నాయి. చాలా కంపెనీలు హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఆ ప్రియస్ తరహా వ్యవస్థలో క్లచ్ ప్లేటు లేదు, విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. పాడవడానికి అవి ఉంటే కదా! బ్రేకు తొక్కితే ముందు మోటారే జనరేటర్‌లా పనిచేసి బండి వేగం తగ్గిస్తుంది, ప్యాడ్లు చాలా కాలం వస్తాయి. వీటిలో ఒక్కటైనా మీ లెక్కలో ఉందా?

ఎర్రలైటు:
ప్యాడ్లు అరగవు, నిజమే. కానీ వాడకం తక్కువై డిస్కులకి తుప్పు పడుతుంది, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. సర్వీసుకి ఇచ్చినప్పుడు శుభ్రం చేసి గ్రీజు పెట్టమని అడగండి.

లెక్కలపుస్తకం:
వారంటీ 8 ఏళ్లు. ఆయన ఉంచుకునేది పదేళ్లు. మిగతా రెండేళ్లు ఎవరి పూచీ? దీనికి జవాబు చెప్పండి చాలు.

నిశ్శబ్దచక్రం:
వారంటీ అయిపోయిన మర్నాడే బ్యాటరీ చచ్చిపోతుందా? మామూలు ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ పోతే ఎవరి పూచీ? అది మాత్రం అడగరు.

మలుపు:
అందరూ హైబ్రిడ్ హైబ్రిడ్ అంటున్నారు, ఏ హైబ్రిడ్ అని ఎవరూ అడగట్లేదు. 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ అయితే మోటారు ఇంజిన్‌కి చెయ్యి సాయమే, పైన చెప్పిన 22 రాదు. ప్లగిన్ అయితే రోజూ ఛార్జింగ్ పెట్టాలి, లేదంటే పెద్ద బ్యాటరీ బరువు ఊరికే మోయడం. యూరోపియన్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో ప్లగిన్ కార్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ ల్యాబ్ అంకెలకి దాదాపు 3.5 రెట్లు ఉందని తేలింది, జనం ఛార్జింగ్ సరిగా పెట్టకపోవడం అందుకో ముఖ్య కారణం.

వానచినుకు:
నేను చూస్తున్నది స్ట్రాంగ్ హైబ్రిడ్, మోటారు ఒక్కటే కూడా కాసేపు బండిని నడిపేది. ప్లగ్ లేదు.

పాతపానా:
నా సంగతి చెప్తాను. వారంటీ దాటిన కొన్నాళ్లకి డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి, బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాలన్నారు. ఎందుకు పోయిందని అడిగితే "పాతదైంది సార్" తప్ప ఇంకో మాట లేదు. బయట ఒక ఎలక్ట్రీషియన్ వెనక సీటు ఊడదీసి చూపించాడు. బ్యాటరీకి చల్లగాలి లాగే ఫ్యాన్ ఉంటుంది కదా, దాని రెక్కల మీద దుమ్ము, మా కుక్క బొచ్చు కలిసి తడి దూదిలా అట్టకట్టాయి. గాలి ఆడక ప్యాక్ వేడెక్కి అందులో ఒక మాడ్యూల్, అంటే ఒక ముక్క, దెబ్బతింది. ఫ్యాన్ శుభ్రం చేశాడు, ఆ మాడ్యూల్ మార్చాడు. బండి ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఫ్యాన్‌కి గాలి వెళ్లే జాలీ శుభ్రం చేసుకోవాలని అన్నేళ్ల సర్వీసుల్లో ఒక్కళ్లూ చెప్పలేదు, అదే నా బాధ.

లెక్కలపుస్తకం:
చూశారా? వారంటీ దాటగానే ప్యాక్ మొత్తం మార్చమన్నారు. నేను చెప్పేది ఇదే.

నిశ్శబ్దచక్రం:
చూశారా? బ్యాటరీ తప్పు కాదు, దుమ్ము. నేను చెప్పేదీ ఇదే.

నిశ్శబ్దచక్రం:
అయినా లెక్కలపుస్తకం గారూ, మీరెప్పుడైనా హైబ్రిడ్ నడిపారా? ఈ విషయం మీద ఎవరు అడిగినా మీరు దిగిపోతారు, అదే బ్యాటరీ, అదే బిల్లు. కొనాలనుకున్నవాళ్లని బెదరగొట్టి పంపడం తప్ప మీ వల్ల ఎవరికేం లాభం?

లెక్కలపుస్తకం:
సొంతానికి కొనలేదు, మా అన్నయ్యది చాలా నడిపాను, బండి బాగుంటుంది. నాకు లీటర్ల మీద పంతం లేదండీ. నా పాత పెట్రోల్ కారులో ఒక కంట్రోల్ యూనిట్ పోయింది. పార్టు లేదు, వస్తుంది వస్తుందని వారాల తరబడి షెడ్డులో పెట్టారు. బయట మెకానిక్‌లెవరూ ముట్టుకోలేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో ఉంది. అప్పుడు నాన్నగారిని ఆసుపత్రికి తిప్పాలి, ప్రతిసారీ ఎవరినో బతిమాలుకోవడమే. ఆ రోజే అనుకున్నాను, నా బండి నాకు తెలిసినవాడు విప్పగలగాలి. హైబ్రిడ్‌లో ఆ నారింజ రంగు తీగల్లో 200 వోల్టులు, ఇంకా పైన కూడా ఉంటుంది. బ్యాటరీ కరెంటు తెగ్గొట్టే సర్వీస్ ప్లగ్ పీకి, కెపాసిటర్లలో కరెంటు దిగేదాకా ఆగి, రబ్బరు గ్లౌజులతో చెయ్యాలి. పాతపానా గారికి దొరికినవాడిలాంటివాడు అందరికీ దొరకడు. దొరక్కపోతే కంపెనీ చెప్పిన రేటే రేటు.

నిశ్శబ్దచక్రం:
ఈ మాట మొదటే చెప్తే ఇంత గొడవ లేదు. దీన్ని నేను కాదనను. కానీ నాదీ వినండి, నేనూ లీటర్లు లెక్కపెట్టి కొనలేదు. మా అబ్బాయికి ఉబ్బసం. ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు నా బండైనా ఇంజిన్ ఆపి, మోటారుతో మెల్లగా కదిలితే చాలనుకున్నాను. నా ఒక్కడి వల్ల గాలి బాగుపడిపోదని తెలుసు. పెట్టింది తిరిగి రాకపోయినా మళ్లీ ఇదే కొంటాను. మీరు ప్రతిసారీ దాన్ని నష్టం కింద రాసేస్తుంటే ఒళ్లు మండుతుంది.

లెక్కలపుస్తకం:
అలా కొంటే తప్పనను. కానీ ఆయన అడిగింది డబ్బు వెనక్కి వస్తుందా అని. దానికి జవాబు మాత్రం లెక్కే.

మలుపు:
వానచినుకు గారూ, ఊళ్లో తిరిగేది ఎక్కువ, పదేళ్లు ఉంచుకుంటారు, కాబట్టి లెక్క మీకు అనుకూలంగానే ఉంది. వారంటీ డబ్బు కట్టి పొడిగించుకునే వీలుందేమో కొనేముందే రాతపూర్వకంగా అడగండి.

వానచినుకు:
అడుగుతాను. హై వోల్టేజ్ పని తెలిసిన బయటి మెకానిక్ దగ్గర్లో ఉన్నాడో లేదో కూడా ముందే కనుక్కుంటాను. అది తేలేదాకా అడ్వాన్సు కట్టను.

పాతపానా:
టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు ఆ గాలి జాలీ ఎక్కడుందో చూపించమనండి. కొన్నిటిలో వెనక సీటు కిందే ఉంటుంది, అక్కడ బ్యాగు పెడితే మూసుకుపోతుంది.