డీప్ బ్లూ – కాస్పరోవ్ 1997, ఆరో గేమ్: 7...హెచ్6 ఎందుకంత ఘోరం?

నల్లగుర్రం:
న్యూయార్క్, మే 11 నాటి గేమ్. ఐబీఎమ్ చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ తెల్లతో, ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ నల్లతో. కారో-కాన్ (నల్ల సి6తో బదులిచ్చే ఓపెనింగ్; కింద x అంటే కొట్టడం, మూడు చుక్కలంటే నల్ల ఎత్తు). 1.ఇ4 సి6 2.డి4 డి5 3.గుర్రం సి3 డిxఇ4 4.గుర్రంxఇ4 గుర్రం డి7 5.గుర్రం జి5 గుర్రం జిఎఫ్6 6.బిషప్ డి3 ఇ6 7.గుర్రం 1ఎఫ్3 హెచ్6. ఇక్కడ తెల్ల 8.గుర్రంxఇ6 కొట్టేసింది. ఒక్క బంటుకి గుర్రం ఇస్తే ఏమొస్తుంది? వెంటనే మేటైతే కనబడట్లేదు. నల్లతో ఈ లైనే ఆడదామనుకుంటున్నా, హెచ్6 బదులు ఏం ఆడాలి?

బంటుబలం:
మేట్ వెతక్కండి, ఎఫ్8 బిషప్‌ని చూడండి. కాస్పరోవ్ గుర్రాన్ని కొట్టకుండా 8...మంత్రి ఇ7 ఆడాడు. తెల్లరాజు ఇ1లో ఉంది కాబట్టి గుర్రం పిన్‌లో పడింది, అంటే కదిలితే రాజుకి చెక్ కాబట్టి కదల్లేదు. 9.క్యాస్లింగ్‌తో (రాజు, రూక్ కలిసి కదిలే ఎత్తు) ఆ పిన్ పోయింది. 9...ఎఫ్xఇ6 10.బిషప్ జి6 చెక్, రాజు డి8. ఇప్పుడు సొంత మంత్రే బిషప్ దారికి అడ్డం. 11.బిషప్ ఎఫ్4తో సి7 గడి కూడా పోయింది. కొట్టక తప్పనప్పుడు 8...ఎఫ్xఇ6 వెంటనే కొట్టి, 9.బిషప్ జి6 చెక్‌కి రాజు ఇ7, ఆపైన మంత్రి సి7, రాజు డి8 అంటే బిషప్‌కి డి6 దొరుకుతుంది. అయినా కష్టమే.
అన్నట్టు, ఆ బలి మెషిన్ లెక్కేసి ఇచ్చింది కాదు, దాని ఓపెనింగ్ బుక్‌లో (ముందే నింపిపెట్టిన ఎత్తుల జాబితాలో) ఉన్నదే.

ఎండ్‌గేమ్64:
హెచ్6 తప్పు కాదు, తొందరపడటం తప్పు. ముందు 7...బిషప్ డి6, తెల్ల 8.మంత్రి ఇ2 ఆడాక హెచ్6. అప్పుడు ఇ6 మీద బలిస్తే, జి6 చెక్‌కి రాజు హాయిగా ఇ7కి వెళ్తుంది. అందుకే తెల్ల 9.గుర్రం ఇ4 వెనక్కి తగ్గుతుంది: గుర్రంxఇ4 10.మంత్రిxఇ4 గుర్రం ఎఫ్6. మంత్రి హెచ్4కి వస్తే వెంటనే జి5 తోయకండి. గుర్రంxజి5 హెచ్xజి5 మంత్రిxహెచ్8 చెక్‌తో రూక్ పోతుంది. ముందు రాజు ఇ7. అప్పుడు హెచ్8 రూక్‌కి డి8 మంత్రి కాపలా ఉంటుంది, జి5 బెదిరింపు నిజమవుతుంది.

నల్లగుర్రం:
అర్థమైంది. మరి కాస్పరోవ్ 19.సి4కే రిజైన్ (ఓటమి ఒప్పుకోవడం) ఎందుకు? మెటీరియల్ (రెండు వైపులా ఉన్న పావుల విలువ) దాదాపు సమానమే కదా.

బంటుబలం:
మంత్రి, బంటుకి బదులు నల్లకి రూక్, బిషప్, గుర్రం ఉన్నాయి, నిజమే. కానీ నల్లరాజు సి8లో నగ్నంగా ఉంది. 19...బిxసి4 20.మంత్రిxసి4 రాజు బి7 అంటే 21.మంత్రి ఏ6 మేట్: ఏ1 రూక్ వెనక కాస్తోంది, సి7, బి8 గడులు జి3 బిషప్‌వి.
ఇంకోటి, ఐదో ఎత్తుకే హెచ్6 తోస్తే మరీ దారుణం. 6.గుర్రం ఇ6! దాన్ని ఎఫ్ బంటుతో కొడితే 7.మంత్రి హెచ్5 చెక్, జి6 8.మంత్రిxజి6 మేట్. బ్లిట్జ్‌లో (కొద్ది నిమిషాల్లో ముగిసే వేగపు ఆటలో) ఇది రోజూ పడుతుంటుంది.