మాజీ కమాండో థ్రిల్లర్లు: మీరు ఎక్కడ నమ్ముతారు, ఎక్కడ పక్కన పడేస్తారు?

పుస్తకపిశాచి:
ఉగ్రవాదులతో తలపడే మాజీ సైనికుడి కథ అంటే నవలైనా, సినిమా అయినా, వెబ్ సిరీస్ అయినా వదలను. ఈ మధ్య మాత్రం చాలావాటిని సగంలోనే ఆపేస్తున్నాను. హీరో ఎక్కడో కొండల్లో కట్టెలు కొట్టుకుంటూ ఉంటాడు. పాత కమాండర్ వెతుక్కుంటూ వస్తాడు. "ఈ ఒక్కసారికి" అంటాడు. హీరో కుదరదంటాడు. పది పేజీలు తిరిగేలోపు హీరోకి కావలసినవాళ్లెవరో చనిపోతారు, ఇక మిగతాదంతా కాల్పులే. ఇదే మూస కొందరి చేతిలో పడితే మాత్రం నిద్ర పట్టనివ్వదు. తేడా ఎక్కడుంది? టైటిల్స్ అక్కర్లేదు, స్పాయిలర్ల గొడవ మనకొద్దు. అనుభవం చెప్పండి చాలు.

నైట్‌షిఫ్ట్:
సైలెన్సర్ పెట్టిన తుపాకీ "ఫుస్" అందంటే నేను అవుట్.

పాత సిగ్నల్స్ మనిషి:
నైట్‌షిఫ్ట్ గారూ, నాదీ అదే బాధ. రైఫిల్ పేలితే సుమారు 160 డెసిబెల్స్. సైలెన్సర్, అంటే సప్రెసర్, అందులో 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. మిగిలిన మోత కూడా పక్క గదిలో నిద్రపోయేవాణ్ణి లేపడానికి బోలెడు. ఇక గదిలో, చెవులకు ఏమీ లేకుండా పది రౌండ్లు కాల్చిన హీరో, వెంటనే మెట్ల మీద అడుగుల చప్పుడు పసిగడతాడు చూడండి, అక్కడ నవ్వాలో ఏడవాలో తెలియదు. అమెరికాలో మాజీ సైనికులకు సర్వీసు వల్ల వచ్చినట్టు నమోదైన వైకల్యాల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది చెవుల్లో హోరు. ఏ హీరోకీ అది రాదు.

నేను ఆర్మీలో సిగ్నల్స్ వైపు, అంటే రేడియో, సమాచారాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కమాండోని కాదు, ఆ గొప్పలు నాకొద్దు. నాకు కథ ఎక్కడ తేలిపోతుందంటే, హీరో యూనిఫాం విప్పేస్తాడు గానీ యూనిఫాంతో పాటు వచ్చినవన్నీ అతని దగ్గరే ఉండిపోతాయి. శాటిలైట్ ఫొటో కావాలంటే ఒక ఫ్రెండు, హెలికాప్టర్ కావాలంటే ఇంకో ఫ్రెండు. నిజానికి సైనికుడి బలంలో ఎక్కువ భాగం అతని వెనకాల ఉంటుంది. రేడియోలో పలికేవాడు, తూటాలు అందించేవాడు, దెబ్బ తగిలితే ఈడ్చుకొచ్చేవాడు, ఆర్డర్ ఇచ్చి రేపు దానికి జవాబు చెప్పుకునే ఆఫీసరు. సర్వీసు అయిపోయిన మర్నాడు వీళ్లెవరూ ఉండరు. మిగిలేది ఒళ్లు, అలవాట్లు, మోకాళ్ల నొప్పులు.

ఆ లేమిని పట్టుకున్న రచయితను నేను వదలను. 30 రౌండ్ల మ్యాగజైన్ పెట్టి, ఫుల్ ఆటోలో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే రెండు మూడు సెకన్లలో ఖాళీ. ఒంటరివాడు ఎన్ని మ్యాగజైన్లు మోయగలడు? ఈ లెక్క ఒక్క పేజీ రాసినా నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇంటర్వెల్ బ్యాంగ్:
సార్, మరీ అంత లెక్కలైతే ఇక డాక్యుమెంటరీ చూసుకోవచ్చు కదా. రోజంతా ఆఫీసులో తిట్లు తిని వచ్చి, ఒకడు ఇరవై మందిని కొడుతుంటే హాయిగా ఉంటుంది. నాకు అది చాలు.

క్యాజువాలిటీ నర్సు:
హాయిని ఎవరు కాదన్నారు బ్రో, కానీ ఆ భుజం గాయం సంగతి తేల్చాలి. బుల్లెట్ భుజంలో దిగితే హీరో పళ్లు బిగించి, చొక్కా చింపి కట్టుకుని మళ్లీ ఫైటింగ్‌కి వెళ్తాడు. కాలర్ బోన్ కింద పెద్ద రక్తనాళం ఉంటుంది, చేతికి వెళ్లే నరాల గుత్తి మొత్తం అక్కడే ఉంటుంది. అది తెగితే చెయ్యి ఉన్నా లేనట్టే. తొడలో పెద్ద ధమని తెగితే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అందుకే టూర్నికే, అంటే రక్తం ఆపే పట్టీ, బిగించడం సైనికులకు అంతగా ప్రాక్టీసు చేయిస్తారు, బిగించిన టైము కూడా దాని మీదే రాస్తారు. ఆ టైము రాసే సీన్ ఒక నవలలో చదివాను. ఒక్క మాట డైలాగ్ లేదు, అయినా ఊపిరి బిగబట్టి చదివాను.

ఇక కత్తి కాల్చి బుల్లెట్ బయటకు తీయడం! ప్రమాదం లేని చోట ఉంటే డాక్టర్లే చాలాసార్లు బుల్లెట్‌ను లోపల వదిలేస్తారు. మీ హీరో గెలికి ఇంకో రక్తనాళం తెంపుకుంటాడు.

మ్యాప్‌పిచ్చి:
నేను ఇంటర్వెల్ బ్యాంగ్ గారికే జవాబిస్తాను. నిజానికి దగ్గరగా ఉంటే మజా తగ్గుతుందని ఎందుకనుకుంటున్నారు? అసలు ఆపరేషన్ల చరిత్ర చదవండి, ఏ రచయితా అంత సాహసం చేయడు. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లోని అమెరికన్ బందీల కోసం ఎనిమిది హెలికాప్టర్లు బయల్దేరాయి. ఇసుక తుఫాను, మెషీన్ల ట్రబులు. పనికొచ్చేవి ఐదే మిగిలాయి, కనీసం ఆరు కావాలి. వెనక్కి వెళ్దామనుకునే సరికి ఒక హెలికాప్టర్ విమానాన్ని గుద్దుకుంది, ఎనిమిది మంది పోయారు. శత్రువు ఒక్క తూటా పేల్చలేదు.

సరిగ్గా కొన్ని రోజులకే, మే 5న లండన్‌లో బందీలున్న ఇరాన్ ఎంబసీ మీద బ్రిటన్ కమాండో దళం ఎస్‌ఏఎస్ దాడి. అది సక్సెస్. కానీ దాంట్లో కూడా పైనుంచి తాడు మీద దిగుతున్నవాడు ఒకడు మధ్యలో ఇరుక్కుపోయాడు, కింద కర్టెన్లకు మంటలంటుకుని కాళ్లు కాలాయి. 2011లో బిన్ లాడెన్ కోసం పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌కి వెళ్లిన అమెరికన్ కమాండోల మొదటి హెలికాప్టర్ కాంపౌండ్‌లోనే కూలింది, అయినా పని కానిచ్చారు. ప్లాన్ చెడటమే కథ. థ్రిల్లర్లలో ప్లాన్ చెడేది ఎప్పుడూ ఎవడో ద్రోహం చేస్తేనే. తాడు చిక్కుపడితే ఎవరూ రాయరు.

దూరం కూడా ఒక విలనే. 2008లో ముంబై దాడులప్పుడు కేంద్ర కమాండో దళం ఎన్‌ఎస్‌జీ ఢిల్లీ దగ్గర మానేసర్ నుంచి రావాల్సి వచ్చింది. ఆ తర్వాతే హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో హబ్బులు పెట్టారు. విమానం కోసం ఎదురుచూస్తూ, అవతల ఏం జరుగుతోందో వింటూ కూర్చున్న కమాండోల గంటలు... అసలు నవల అక్కడుంది.

ఇంటర్వెల్ బ్యాంగ్:
సరే, ఆ తాడు సీన్ మాత్రం తెర మీద చూడాలనుంది. మీరు గెలిచారు, సగం.

రాస్తూనే ఉన్నా:
నేను ఇలాంటి నవలే ఒకటి రాస్తున్నాను కాబట్టి స్వార్థంతో అడుగుతున్నా. మాజీ సైనికుడు చట్టం దృష్టిలో మామూలు పౌరుడే కదా. వాడు ఉగ్రవాదిని చంపితే ముందు హత్య కేసు పడుతుంది. ఆత్మరక్షణ అని కోర్టులో నిరూపించుకోవాలి. నా కథలో ఇది పెడితే స్పీడు తగ్గిపోతోందని చదివినవాళ్లు అంటున్నారు.

ఇంకోటి, విలన్. ఈ తరహా కథల్లో టెర్రరిస్టుకి గడ్డం, అరుపులు తప్ప ఇంకేం ఉండవు. డబ్బు ఎవరు పంపారు, ఆ కుర్రాణ్ణి ఎవరు ఎలా చేర్చుకున్నారు అన్నది రాస్తే "ఉగ్రవాదిని వెనకేసుకొస్తున్నావా" అంటారేమోనని భయం.

పుస్తకపిశాచి:
భయపడకండి. విలన్ తెలివైనవాడైతేనే హీరోకి పని. ఒక మతం వాళ్లందర్నీ అనుమానితులుగా చూపించే పుస్తకం నా దృష్టిలో ముందు బద్ధకపు రచన, తర్వాతే మిగతా తప్పులు. ఆ కుర్రాణ్ణి అర్థం చేసుకోవడం వేరు, క్షమించడం వేరు. పాఠకుడికి ఆ తేడా తెలుస్తుంది.

పాత సిగ్నల్స్ మనిషి:
కేసు సంగతి ఉంచండి తమ్ముడూ, స్పీడు తగ్గితే తగ్గనీ. హీరో తుపాకీ తీసే ముందు ఒక క్షణం ఆగి ఆలోచించడానికి అది మంచి కారణం.

మనసు గురించి ఒక మాట. పీటీఎస్‌డీని, అంటే యుద్ధంలాంటి భయంకర అనుభవం మనసుకు మిగిల్చే జబ్బుని, 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన జబ్బుల జాబితాలో చేర్చింది. ఇప్పుడు ప్రతి హీరోకీ అర్ధరాత్రి పీడకల, ఒక పెగ్గు. అది మేకప్‌లా ఉంటుంది, తెల్లారేసరికి చెరిగిపోతుంది. నేను చూసినవాళ్లలో ఎక్కువమందిది వేరే ఇబ్బంది. పొద్దున లేస్తే ఏం చేయమని ఎవరూ చెప్పరు. కరెంటు బిల్లు క్యూలో పక్కవాడు ముందుకు తోసుకొస్తే ఒళ్లు మండిపోతుంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి మాటలు దొరకవు, పాత జట్టులో ఒకడు ఫోన్ చేస్తే గంటసేపు నవ్వుతూనే ఉంటాడు. మీ హీరో "ఈ ఒక్కసారికి" ఎందుకు ఒప్పుకుంటాడో ఇక్కడ వెతకండి. భార్యను చంపాల్సిన పనిలేదు.

రాస్తూనే ఉన్నా:
భార్య రెండో చాప్టర్‌లో చనిపోతోంది సార్. ఇప్పుడే బతికిస్తున్నా.

నైట్‌షిఫ్ట్:
గ్రెనేడ్ పిన్ను పళ్లతో లాగే సీన్ ఏదైనా ఉంటే అదీ తీసేయండి. పిన్ను కాదు, పన్ను ఊడుతుంది.