ధనుర్మాసపు పొగ: ఇళ్ళలో కట్టెలు, మట్టలు కాల్చడంపై ఆంక్ష పెట్టవచ్చునా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం (చర్చ ప్రారంభం)

పట్టణాల్లోనూ, ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకుని ఉండే పెద్ద పంచాయతీల్లోనూ డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున, సాయంత్రం పూట కట్టెలు, కొబ్బరి మట్టలు, కాయ వలిచిన డొక్కలు కాల్చడంపై ఆంక్ష పెట్టాలని నా ప్రతిపాదన. ఏడాది పొడవునా వద్దని నేను అనడం లేదు. ధనుర్మాసంలో రాత్రి నేల త్వరగా చల్లబడి, దానిని ఆనుకున్న గాలి పైగాలి కంటే బరువెక్కి కదలకుండా నిలిచిపోతుంది. అందువల్ల స్నానాలకు నీళ్ళు కాచే బాయిలర్ల నుంచీ, పెరటి పొయ్యిల నుంచీ లేచిన పొగకు పైకి పోయే దారి లేక చూరు ఎత్తులోనే వీధంతా పరుచుకుంటుంది. కాలువ గట్టున నిలబడి మంచు అని మనం ముచ్చటపడే తెల్లదనంలో కొంత పొగే.

2.5 మైక్రాన్ల లోపు ధూళి కణాలు ఘనపు మీటరు గాలిలో ఇరవై నాలుగు గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటరాదని మన దేశ ప్రమాణం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాను సూచించే హద్దును 2021లో 15కు దించింది. కట్టెపొగలో ఉండేవి చాలావరకు ఈ సన్నని కణాలే. ఆంక్షల వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి ఒక ఉదాహరణ చెబుతాను. ఆస్ట్రేలియాలో టాస్మేనియా రాష్ట్రంలోని లాన్సెస్టన్ పట్టణం లోయలో ఉండటం వల్ల చలికాలమంతా కట్టెపొగలో మునిగి ఉండేది. 2001 నుంచి అక్కడ కట్టెల హీటర్లను మార్పించే కార్యక్రమం నడిపారు. వాటిని వాడే ఇళ్ళు 66 శాతం నుంచి 30 శాతానికి తగ్గగా, చలికాలపు గాలిలో 10 మైక్రాన్ల లోపు ధూళి 44 మైక్రోగ్రాముల నుంచి 27కు దిగింది.

మనకు కొత్త చట్టం కూడా అక్కరలేదు. ఒక ప్రాంతాన్ని వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించి, అక్కడ ఫలానా ఇంధనం వాడరాదని చెప్పే అధికారాన్ని 1981 నాటి వాయు కాలుష్య చట్టం 19వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చే ఉంది.

కొబ్బరి రైతు, అంబాజీపేట దగ్గర

మాస్టారు గారికి నమస్కారం. లాన్సెస్టన్ వారు కట్టెలు తెచ్చుకుని చలి కాచుకున్నారు. మన దగ్గర మట్టను ఎవరూ తేనక్కరలేదు, చెట్టే రాలుస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

కాపుకొచ్చిన కొబ్బరి చెట్టు నెలకు ఇంచుమించు ఒక మట్ట రాలుస్తుంది. ఎకరానికి 70 చెట్లనుకుంటే ఏడాదికి 840 మట్టలు. మా నాన్నగారి రోజుల్లో ఆకు తడికలకూ, పందిళ్ళకూ, ఇంటి కప్పులకూ పోయేది, ఈనెలు చీపుర్లకు పోయేవి, మిగిలిన మట్ట మొదలు పొయ్యిలోకి వచ్చేది. ఇప్పుడు కప్పులన్నీ శ్లాబులు, రేకులు. పెళ్ళి పందిరికి సైతం గుడ్డే కడుతున్నారు. డొక్కలకు పీచు మిల్లులున్నాయి, చిప్పలకు బొగ్గు చేసేవారున్నారు, మట్టకు మాత్రం పొయ్యి తప్ప దిక్కు లేదు. దానిని బాయిలర్‌లో కాల్చనివ్వకపోతే తోటలోనే పడి ఉంటుందనుకుంటున్నారా? గట్టు మీద కుప్ప పోసి నిప్పు పెడతారు. బాయిలర్‌లో కాలితే పొగతోపాటు వేడినీళ్ళైనా వస్తాయి, కుప్పలో కాలితే వచ్చేది పొగే.

ఇంకొక మాట. సార్వా, అంటే వానాకాలపు వరి, మిషన్‌తో కోసిన చేలల్లో గడ్డి తగలబెట్టి దాళ్వాకు, అంటే రెండో పంటకు, దమ్ము చేసేదీ ఈ రోజుల్లోనే. చేను తగలబడుతుంటే చూస్తూ ఊరుకుని, పెరట్లో ముసలమ్మ నీళ్ళు కాచుకుంటే జరిమానా వేయడం ఎవరికైనా న్యాయంగా తోస్తుందా?

గృహిణి, రావులపాలెం

మా ఇంట్లో గ్యాసూ, కట్టెల పొయ్యీ రెండూ ఉన్నాయి. గ్యాస్ లేని పేదలు కట్టెలు కాలుస్తారు, ఉన్నవారు మానేస్తారు అన్న లెక్కతో ఈ చర్చ సాగితే అది మా వీధికి సరిపోదు. 1999లో వచ్చిన దీపం పథకంలో మా అత్తగారు గ్యాస్ కనెక్షన్ తీసుకున్నారు. ఇప్పటికి పాతికేళ్ళు దాటినా పొయ్యి పోలేదు, పని విడిపోయింది, అంతే. టీ, టిఫిను, కూర గ్యాస్ మీద. స్నానాల నీళ్ళు, పశువుల కుడితి, పండగ పిండివంటలు కట్టెల మీద.

లెక్క చెబుతాను. 14.2 కిలోల సిలిండరు మా ఐదుగురికి నెలన్నర వస్తుంది, అంటే ఏడాదికి ఎనిమిది. నీళ్ళు కూడా దాని మీదే కాస్తే నెల తిరగదు. 2024లో మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమే, కాని ముందు డబ్బు కట్టి, తరువాత ఖాతాలో పడేదాకా చూడాలి. మట్టకు అలా ఎదురుచూడనక్కరలేదు. బకెట్లో కరెంటు రాడ్ వేసుకోమంటారేమో, చిన్నపిల్లలున్న ఇంట్లో నేను వేయను.

మాస్టారు గారు చెప్పిన వేళలే మాకు పొయ్యి వెలిగించే వేళలు. స్కూలు ఆటో ఏడున్నరకు వస్తుంది. ఎనిమిది తరువాత నీళ్ళు కాచి ఎవరికి పోయాలి?

విశ్రాంత నర్సు, రాజోలు

ఇంతవరకూ అందరూ వీధిలో పొగ గురించే రాశారు. పొగ వీధికి చేరేలోపు ఒక మనిషి ఊపిరితిత్తుల మీదుగా వెళుతుంది. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చునే ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. ఇంటిలోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నేను పనిచేసిన రోజుల్లో, జన్మలో బీడీ ముట్టని పెద్దవయసు స్త్రీలు బీడీలు కాల్చే మగవారిలాగే ఆయాసపడుతూ వచ్చేవారు. అడిగితే అందరిదీ ఒకటే సమాధానం, నలభై ఏళ్ళ పొయ్యి.

అయితే పొయ్యి మానిపిస్తే రోగాలన్నీ పోతాయని నేను చెప్పను. మన దేశంలో తమిళనాడులోనూ, మరో మూడు దేశాల్లోనూ దాదాపు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. వారు పీల్చే సన్నని ధూళి మిగిలినవారికి 71 మైక్రోగ్రాములుండగా వీరికి 24కు తగ్గింది. అంత తగ్గినా పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగిన తేడా రాలేదని 2022లో ప్రచురించారు. ఆశించిన ఫలితాల్లో ఒకటి రాలేదు కదా అని పొగ మంచిదని ఎవరూ తేల్చరాదు. నెల తిరక్కుండా అద్భుతాలు జరుగుతాయని అధికారులు వాగ్దానం చేయకుండా ఉండటానికి మాత్రం ఇది పనికొస్తుంది.

పొగగొట్టం సంగతి కూడా చెప్పాలి. 1983 నుంచి 2002 దాకా నడిచిన మెరుగైన పొయ్యిల జాతీయ పథకంలో చాలా పొయ్యిలకు గొట్టాలు పెట్టారు. గొట్టం వంటింటి పొగను వీధిలోకి పంపుతుంది. వంటింటికి అది మేలు, మాస్టారు గారి వీధికి కాదు. 2015లో మన దేశపు గాలిలోని సన్నని ధూళిలో ఇంచుమించు నాలుగో వంతు ఇళ్ళలో కాల్చిన కట్టె, పిడకల వంటి వాటి నుంచే వచ్చిందని ఒక అంచనా ఉంది. కాబట్టి ఈ రెండు పొగలూ ఒకటి కాదు అనడానికి లేదు.

పూతరేకుల వ్యాపారి, ఆత్రేయపురం

మా పని కూడా ఈ ఆంక్ష కిందికి వస్తుందా అన్నది తేల్చండి. రేకు తీయాలంటే బోర్లించిన కుండ అడుగున ఎండు కొబ్బరాకు మంట ఉండాలి. ఆకు చప్పున అంటుకుంటుంది, చప్పున ఆరుతుంది. మంట ఎగదోయడం, తగ్గించడం రేకు తీసే మనిషి ఎడమచేతిలో ఉండాలి. 2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మకాలు పెరిగేది పండగ రోజుల్లో, అంటే సరిగ్గా మీరు వద్దనే రెండు నెలల్లో. ఆకు ఎండుగా ఉన్నంతసేపు పొగ తక్కువే, తడి ఆకు పెడితే మా కళ్ళే ముందు మండుతాయి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం

నేను అన్ని మంటలనూ ఒకే గాటన కట్టానని ఒప్పుకుంటున్నాను. వేళల ఆంక్షను ఉపసంహరించుకుంటున్నాను. రావులపాలెం అమ్మగారు చెప్పిన ఏడున్నర ఆటోకు నా దగ్గర సమాధానం లేదు. వంట పొయ్యి, వృత్తి పొయ్యి కూడా నా ప్రతిపాదనలో నుంచి తీసేస్తున్నాను.

పూతరేకుల వారి చివరి వాక్యం నుంచి మరొక దారి కనిపిస్తోంది. ఇంగ్లండులో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించరాదని నిబంధన పెట్టారు. కట్టె కాల్చవద్దనలేదు, తడి కట్టె అమ్మవద్దన్నారు. తడిసిన మట్ట కాలేటప్పుడు వేడిలో పెద్ద భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, మంట చల్లబడి సగం కాలినదంతా పొగగా వస్తుంది. అందుచేత తడి మట్టలు, పచ్చి డొక్కలు, వాటితో కలిపి ప్లాస్టిక్ సంచులు బాయిలర్‌లో పెట్టడాన్ని ఆపడంతో మొదలుపెడదాం. చెత్తను బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు వసూలు చేయాలని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. గట్టు మీద కుప్పలకు అది చాలు. చేలల్లో గడ్డి విషయంలో రైతు గారు అన్నది నిజమే, బాయిలర్ కంటే దానినే ముందు పట్టించుకోవాలి.

కొబ్బరి రైతు, అంబాజీపేట దగ్గర

ఎండు మట్ట అన్నంత వరకు నాకు అభ్యంతరం లేదు. కాని మట్టను ఎక్కడ ఎండబెట్టమంటారో చెప్పాలి. నవంబరు తుఫాను తడి సంక్రాంతి దాకా తోటలో ఆరదు. ఎకరం రైతుకు 840 మట్టలు దాచే కొట్టం లేదు, అద్దె ఇంట్లో ఉండేవారికి పెరడే లేదు. మట్టను ముక్కలు చేసే యంత్రాలున్నాయి. ఆ ముక్కలు చెట్టు పాదులో పరిస్తే తేమ నిలుస్తుంది, వానపాములతో ఎరువు కూడా అవుతుంది. ఒక్క రైతు కొనేంత చవకైన యంత్రం కాదు. పంచాయతీకి ఒకటి తెచ్చి, కాయల దింపు వరుసలో తోట తోటకూ తిప్పగలిగితే సగం మట్ట పొయ్యి దాకా రానే రాదు. ఆ యంత్రం ఊళ్ళోకి వచ్చాక కుప్పల మీద జరిమానా వేయండి, నేనే సంతకం పెడతాను. యంత్రం రాకుండా జరిమానా కాగితం ముందు వస్తే మాత్రం ఈ ప్రతిపాదనను గ్రామసభలో వ్యతిరేకిస్తాను.