క్రూజ్‌లో 11 మందిమి: వాకీటాకీలు పనికొస్తాయా, దండగేనా?

పెసరట్టు_ప్లేనో:
గాల్వెస్టన్‌లో ఎక్కి 7 రాత్రుల ట్రిప్. కోజుమెల్, రోవటాన్, కోస్టా మాయా. 11 మందిమి, 4 గదులు. రెండు 8వ డెక్ మీద బాల్కనీవి, రెండు 2వ డెక్ మీద కిటికీ లేనివి. అమ్మానాన్న, అత్తయ్య, మామయ్య ఇండియా నుంచి వస్తున్నారు. ఫోన్లో వాట్సాప్ తప్ప ఇంకోటి ముట్టుకోరు. పిల్లలకు 9, 12 ఏళ్లు. అందరికీ ఓడ వైఫై కొనాలంటే తడిసి మోపెడవుతోంది. అందుకే 6 వాకీటాకీలు కొందామని చూస్తున్నాను.

పెట్టె మీద 35 మైళ్లు అని ఉంది. ఓడలో పై డెక్ నుంచి కింది డెక్‌కైనా వినపడుతుందా? ఏ ఛానెల్ పెట్టాలి? లైసెన్స్ కావాలా? మామయ్య వైజాగ్‌లో కొన్న జత తెస్తానంటున్నారు, తెమ్మనమంటారా?

యాంటెన్నా_గోల:
ఆ 35 మైళ్లు కొండ కొస మీద ఒకరు, కింద మైదానంలో ఒకరు నిలబడి, మధ్యలో అడ్డమన్నదే లేనప్పటి లెక్క. ఓడంటే ఇనుప డబ్బాల మీద ఇనుప డబ్బాలు పేర్చినట్టు. ఈ సెట్లు 462 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, అంటే అల పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. ఉక్కు రేకును అది దాటలేదు. తగిలి వెనక్కి తిరుగుతుంది, మెట్ల దారుల్లోంచి, అద్దాల్లోంచి, తెరిచిన తలుపుల్లోంచి కారుకుంటూ పోతుంది. దూరం కన్నా మధ్యలో ఎన్ని ఉక్కు గోడలున్నాయన్నదే ఇక్కడ లెక్క.

పూల్ డెక్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు బాగా వినపడుతుంది. నాలుగైదు అంతస్తులు తెరిచి ఉండే నడిమి హాల్లో కిందికీ పైకీ కూడా ఫర్వాలేదు. 8వ డెక్ బాల్కనీ నుంచి పూల్‌కు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. మీ 2వ డెక్ లోపలి గదుల నుంచి మాత్రం పూల్‌కు ఆశ పెట్టుకోకండి. గది తలుపు తీసి, కారిడార్ చివర మెట్ల దగ్గరకొచ్చి పిలిస్తే అందే అవకాశం ఉంది. వాట్లు ఎక్కువున్న సెట్ కొంటే సరిపోతుందనుకోవద్దు. పవర్ నాలుగింతలైతే ఖాళీ మైదానంలోనే దూరం రెండింతలవుతుంది, ఉక్కు మధ్యలో ఆ లాభం ఒకటి రెండు గోడలకే ఖర్చయిపోతుంది.

ఎక్కిన రోజు మధ్యాహ్నమే ఒక పావుగంట పరీక్ష పెట్టుకోండి. ఒకరు పూల్ దగ్గర నిలబడాలి. ఇంకొకరు మెట్ల మీదుగా దిగుతూ ప్రతి డెక్ దగ్గర ఆగి డెక్ నంబరు చెప్పాలి, మళ్లీ మెట్లు వదిలి పది అడుగులు లోపలికెళ్లి చెప్పాలి. ఎక్కడ తెగిందో కాగితం మీద రాసుకోండి. వారమంతా పనికొచ్చేది ఆ కాగితమే.

ఛానెల్ సంగతి: 8 నుంచి 14 వరకు వదిలేయండి. వాటి మీద అర వాట్ మించి పంపనివ్వరు. పైగా ఓడ సిబ్బంది సెట్లకు అంతర్జాతీయంగా ఇచ్చినవాటిలో 467.525, 467.550, 467.575 ఉన్నాయి. మీ 8వ ఛానెల్ 467.5625, సరిగ్గా వాటి మధ్యన! 1 నుంచి 7, 15 నుంచి 22 వరకు 2 వాట్ల దాకా అనుమతి ఉంది. పెట్టె విప్పగానే 1వ ఛానెలే ఉంటుంది కాబట్టి ఓడలో మిగతా కుటుంబాలన్నీ దాని మీదే ఉంటాయి. మీరు 17 పెట్టుకోండి, అక్కడ ఎవరైనా ఉంటే 20కి మారాలని ముందే అనుకోండి.

ఫ్రీక్వెన్సీ_పిచ్చి:
లైసెన్స్ గురించి. మీరు చూస్తున్నవి ఎఫ్‌ఆర్‌ఎస్ (ఇంటివాళ్లు మామూలుగా వాడే తక్కువ పవర్ రకం) సెట్లయితే అమెరికాలో అక్కర్లేదు. జీఎంఆర్‌ఎస్ (అంతకన్నా ఎక్కువ పవర్ రకం) అని ఉంటే కావాలి: 35 డాలర్లు, 10 ఏళ్లు, పరీక్ష లేదు. ఒక్కరు తీసుకుంటే తల్లిదండ్రులు, పిల్లలు, అత్తమామలు అందరూ దాని కిందే వాడుకోవచ్చు, అమెరికా పౌరసత్వం కూడా అడగరు. కానీ ఒక ట్రిప్ కోసమైతే ఎఫ్‌ఆర్‌ఎస్ చాలు.

ఇదంతా అమెరికా గడ్డ మీది మాట. ఓడ బహామాస్ జెండాదో పనామా జెండాదో అయి ఉంటుంది, ఓడ మీద చెల్లేది కెప్టెన్ మాట. బుక్ చేసిన కంపెనీ సైట్‌లో నిషేధిత వస్తువుల జాబితా ఉంటుంది. వాకీటాకీ గురించి ఒక్కో కంపెనీది ఒక్కో మాట. స్పష్టంగా లేకపోతే ఈమెయిల్‌లో అడిగి, జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి, స్కానింగ్ దగ్గర పనికొస్తుంది. రేవుల్లో దిగేటప్పుడు సెట్లు గదిలోనే వదిలేయండి. ప్రతి దేశానికీ దాని రేడియో చట్టం ఉంటుంది.

బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి, ఏ ఫ్రీక్వెన్సీ అంటే అది నొక్కి పెట్టుకునే సెట్లు చవగ్గా వస్తున్నాయని కొనకండి. అవి 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా పంపగలవు, అంటే 156.8 కూడా అందులోనే ఉంది. అది సముద్రంలో ఆపదలో పిలిచే 16వ ఛానెల్. మీ తొమ్మిదేళ్లవాడు అంకెలు నొక్కుతూ అక్కడికి చేరడం పెద్ద కష్టం కాదు. హామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ల) లైసెన్స్ ఉన్నవాళ్లయినా కెప్టెన్ అనుమతి లేనిదే ఓడ మీద మాట్లాడకూడదు.

మామయ్యగారి జత వైజాగ్‌లోనే ఉండనివ్వండి. ఇండియాలో లైసెన్స్ లేకుండా వాడగలిగేది 446.0 నుంచి 446.2 దాకా, 2018 నిబంధనల ప్రకారం. అమెరికాలో అది హామ్ వాళ్ల బ్యాండ్. పైగా మీ 462 సెట్లతో అవి కలవవు. ఇటు నుంచి అటు తీసుకెళ్లినా ఇదే చిక్కు.

లంగరు_తాడు:
పై ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ ఆరు సెట్లు ఎందుకండీ? ముందు ఓడ యాప్ చూడండి. డిస్నీ ఓడల్లో యాప్ చాట్ ఉచితం. కార్నివాల్ కంపెనీ యాప్ హబ్‌లో చాట్‌కు తలకింత అని ప్రయాణం మొత్తానికి ఒక్కసారి తీసుకుంటారు, ఇంటర్నెట్ ప్యాకేజీ కంటే చాలా తక్కువ. ప్రిన్సెస్ ఓడల్లో మెడలో వేసుకునే బిళ్లను బట్టి మనవాళ్లు ఏ డెక్ మీదున్నారో ఫోన్లో చూపిస్తుంది. ఫోన్ మాత్రం ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి వైఫై ఒక్కటే ఆన్ చేయాలి. లేకపోతే ఓడ మీది సెల్ టవర్‌కు తగులుకుని రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

పెద్దవాళ్లకు యాప్ వద్దు. గది నుంచి గదికి ఫోన్ ఉచితం, గది నంబరు కొడితే చాలు. గది తలుపులు ఇనుపవి, అయస్కాంతం అతుక్కుంటుంది. రెండు అయస్కాంతాలు, ఒక చిన్న పలక బోర్డు పట్టుకెళ్లి తలుపుకు లోపలి వైపు పెట్టండి. "10:40, పూల్‌కెళ్లాం, 12:30కి భోజనం" అని రాసి వెళ్తే సగం పిలుపులు తప్పుతాయి. బయటి వైపు రాయకండి, గది ఖాళీ అని ఊరంతా చాటినట్టవుతుంది.

టైమ్ దగ్గర జాగ్రత్త. రేవులో ఫోన్ అక్కడి సిగ్నల్ పట్టుకుని గంట మార్చేస్తుంది, ఓడ గడియారం మారకపోవచ్చు. అందరికీ ఓడ టైమే లెక్క. పెద్దవాళ్లకు మామూలు చేతి గడియారం కట్టండి.

పెసరట్టు_ప్లేనో:
నాలుగు సెట్లకు తగ్గించాను. మామయ్యకు చెవుడు కొంచెం ఉంది. పిల్లలేమో బటన్ వదలరు. ఇంట్లో పాతది ఒక జత ఉంది, కొత్తవాటితో కలపాలని చూస్తే ఒక వైపు వినపడుతోంది, రెండో వైపు వినపడటం లేదు. ఎందుకంటారు?

యాంటెన్నా_గోల:
అది ప్రైవసీ కోడ్ చిక్కు. పేరు ప్రైవసీ గానీ దాంట్లో గుట్టేమీ లేదు. మాటతో పాటు సన్నని టోన్ ఒకటి వెళ్తుంది. కోడ్ పెట్టిన సెట్ ఆ టోన్ ఉన్న మాటకే నోరు తెరుస్తుంది. కోడ్ లేని సెట్‌కు అందరూ వినపడతారు, దాన్నుంచి వచ్చేది మాత్రం కోడ్ పెట్టినవాళ్లకు వినపడదు. మీది సరిగ్గా ఇదే. ముందు అన్నిట్లో కోడ్ 0 చేసి కలుస్తున్నాయో లేదో చూడండి. తర్వాత పెట్టాలనుకుంటే కోడ్ అంకె కాదు, సెట్‌తో వచ్చిన పుస్తకంలో దాని ఎదురుగా ఉన్న టోన్ హెర్ట్జ్ చూడండి. రెండు కంపెనీల్లో ఒకే అంకెకు ఒకే టోన్ ఉండాలని లేదు.

బటన్ నొక్కి మనసులో "ఒకటి" అనుకుని మాట్లాడాలి. వెంటనే మొదలెడితే మొదటి అక్షరం పోతుంది, కోడ్ ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. చివర్లో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. తెలుగులో "వద్దు", "లేదు" ఎక్కువగా తోకనే వస్తాయి. "కిందికి రావద్దు" అని బటన్ తొందరగా వదిలారా, అవతల వినపడేది "కిందికి రా". అందుకని "వద్దు, కిందికి రావద్దు" అని రెండుసార్లు చెప్పించండి, అవతలివాళ్లు విన్నది తిరిగి చెప్పాలి. పిలిచేటప్పుడు అవతలివాళ్ల పేరు రెండుసార్లు, తర్వాత తమ పేరు: "మామయ్యా, మామయ్యా, చిన్ను". మొదటి మామయ్య పోయినా రెండోది మిగులుతుంది.

వాక్స్ (బటన్ నొక్కకుండానే శబ్దం వినగానే పంపేసే సదుపాయం) ఆపేయండి, లేకపోతే పూల్ దగ్గరి పాటలకే సెట్ దానంతటదే మోగుతుంది. మామయ్యగారికి వైబ్రేషన్ ఉన్న సెట్ ఇచ్చి, ఒక చెవికి ఇయర్‌పీస్ పెట్టండి. పిల్లల సెట్లలో కీప్యాడ్ లాక్ వేయండి. అయితే మాట్లాడే బటన్ లాక్‌లో కూడా పనిచేస్తుంది. ఒకడు అదిమి పట్టుకుంటే ఛానెల్ మొత్తం మూగబోతుంది. అందుకే రోజంతా వినాలన్న ఆశ వదిలి, ప్రతి గంటకూ మొదటి 5 నిమిషాలు అందరూ ఆన్‌లో ఉండాలని పెట్టుకోండి. బ్యాటరీ కూడా మిగులుతుంది.

లంగరు_తాడు:
ఒకటి మరిచాను. చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. సెట్లు వాటిలో వేయకండి. పొద్దున్న దిగేటప్పుడు 11 మంది రెండు లిఫ్టుల్లో చెల్లాచెదురయ్యేది అప్పుడే. వేయక తప్పకపోతే బ్యాటరీలు తీసి వేయండి. బట్టల మధ్య బటన్ నొక్కుకుని సూట్‌కేసులోంచి గుర్రుమని శబ్దం వస్తే ఆ పెట్టెను పక్కన పెట్టేస్తారు.