షేవింగ్ తర్వాత మంట, పొట్టు: స్ప్లాష్ మానేసి బామ్‌కు మారాలా?

ప్రశ్న:
పొడి చర్మం, రెండు రోజులకోసారి రేజర్‌తో షేవింగ్. ఆఫ్టర్‌షేవ్ స్ప్లాష్ (నీళ్లలా పల్చగా ఉండే రకం) రాయగానే భగ్గుమంటోంది, గంటలోపే బుగ్గలు బిగుసుకుపోయి తెల్లగా పొట్టు లేస్తోంది. గొంతు దగ్గర ఎర్రటి పొక్కులు కూడా. దాని బదులు క్రీములా ఉండే బామ్ కొంటే ఏం చూసి కొనాలి? పటిక మంచిదేనా?

జవాబు 1:
ముందు మీ సీసా వెనక్కి తిప్పి చూడండి. ఎక్కువ పాళ్లలో ఉన్న పదార్థం పేరే ముందు వేస్తారు. ఆల్కహాల్ డినాట్, ఎస్‌డీ ఆల్కహాల్ లాంటి ఇట్టే ఆవిరైపోయే ఆల్కహాల్ రకాలు మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే మీ చర్మానికి అది పనికిరాదు. రేజర్ వెంట్రుకతో పాటు చర్మం పైపొరనూ కొంచెం గీకేస్తుంది. ఆ పచ్చిదనం మీద ఆల్కహాల్ పడితే మంట, ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తే పొట్టు. సిటైల్, సిటోస్టియరిల్ ఆల్కహాల్ అని ఉంటే మాత్రం భయపడకండి. అవి మైనం లాంటివి, చర్మాన్ని మెత్తబరుస్తాయి.

బామ్‌లో తేమను నిలిపి చర్మాన్ని శాంతపరిచే గ్లిజరిన్, పాంథెనాల్, అల్లాంటోయిన్, సెరమైడ్లు ఉన్నాయేమో చూడండి. మెంథాల్, సెంటు వాసన లేనిదే తీసుకోండి. డబ్బా మీద ఆఫ్టర్‌షేవ్ అని ఉండాలనేం లేదు, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ కూడా అదే పని చేస్తుంది. చన్నీళ్లతో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చెమ్మ ఉండగానే రెండు శనగగింజలంత రాయండి. పూర్తిగా ఆరిపోయాక రాస్తే జిగటగా మిగులుతుంది తప్ప లోపల తేమ నిలవదు.

జవాబు 2:
పటిక ఉన్నది గాట్ల నుంచి కారే రక్తం ఆపడానికి. తేమనివ్వదు, పైగా చర్మాన్ని బిగుతు చేస్తుంది. వాడాలనుకుంటే తడి ముఖం మీద ఒక్కసారి తేలిగ్గా జార్చి, అర నిమిషం ఆగి, బాగా కడిగేసి, ఆ తర్వాతే బామ్. రాసినప్పుడు ఎక్కడ చురుక్కుమంటుందో గమనించండి, బ్లేడు ఎక్కువ నొక్కింది అక్కడే. ఒకరు వాడిన ముక్క ఇంకొకరు వాడకూడదు, సెలూన్‌లోనైనా సరే.

జవాబు 3:
గొంతు దగ్గర పొక్కులు బామ్‌తో పోవండీ. అక్కడ వెంట్రుకలు ఒక్కో చోట ఒక్కో వైపు పెరుగుతాయి. ఎదురు గీస్తే మొన కోసుగా తెగి, పెరిగేటప్పుడు వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఎక్కువ బ్లేడ్ల కార్ట్రిడ్జ్ వెంట్రుకను లాగి మరీ చర్మం లోపలికి కోస్తుంది కాబట్టి ఇంకా కష్టం. రెండు రోజుల గడ్డం మీద వేలితో తడిమి చూడండి, నున్నగా జారే వైపే గీయాలి. చర్మాన్ని సాగదీయొద్దు. తగ్గేదాకా ట్రిమ్మర్‌తో 1 మిల్లీమీటరు ఉంచేస్తే ఇంకా మంచిది. షేవ్ చేయని రాత్రుల్లో, వారానికి రెండుసార్లు, పైన పేరుకున్న మృతచర్మాన్ని వదిలించే 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఆ చోట మాత్రమే రాయండి. పొట్టు లేస్తున్న బుగ్గలకు వద్దు.

దయచేసి మెడికల్ షాపులో అడిగి క్లోబెటసాల్, బెటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉన్న ట్యూబులు తెచ్చి ముఖానికి పూయకండి. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, వాడేకొద్దీ చర్మం పల్చబడిపోతుంది. చీము పడితే చర్మ వైద్యుడికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
పెరట్లో కలబంద ఉంది. బామ్ బదులు అది చాలదా?

జవాబు 1:
చల్లదనానికి బాగుంటుంది. మట్ట కోసి పావుగంట నిలబెడితే పసుపు పచ్చని సొన కారిపోతుంది. దురద పెట్టేది ఆ సొనే. తర్వాత కడిగి, తొక్క తీసి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే వాడండి. ముందు రోజు మోచేతి మడతలో రాసి చూసుకోండి. గుజ్జులో దాదాపు అంతా నీరే, ఆరిపోతే మళ్లీ పొడిబారుతుంది. అందుకే దాని మీద పల్చగా మాయిశ్చరైజర్ తప్పదు.